మొగ దగ్గర ఎక్కినవాడు

దైవసహాయం మాస్టారిని ఎవరైనా ఏదైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వేసుకుంటారు. జవాబు చెప్పరు. "పద" అంటారు. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషికి నోటితో చెప్పడం మీద విసుగు పుట్టిందనీ, అందుకే కాళ్లతో చెప్పడం మొదలుపెట్టారనీ కాకినాడలో ఆయన శిష్యులం నవ్వుకుంటుంటాం. ఆయన వెంట తిరిగి నాకు చెప్పులు చాలానే అరిగాయి గాని, బుద్ధి వచ్చింది మాత్రం ఒక్కసారే. ఆ ఒక్కసారి సంగతే ఇది.

ప్రశ్న అడిగింది నేను కాదు, యామిని. మాస్టారు రిటైరయ్యే ముందు చదువు చెప్పిన ఆఖరి బ్యాచి పిల్ల. విశాఖపట్నంలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తూ, శని ఆదివారాలు మా 'తీరం' పని చూస్తుంది. తీరం అంటే ఒక వెబ్‌సైటు. ఏ బోటు ఎన్నింటికి వేటకి బయల్దేరింది, అందులో ఎవరెవరున్నారు, తిరిగొచ్చారా లేదా అన్నది అందులో ఉంటుంది. ఒక తుపానునాడు సముద్రం మీద ఎంతమంది మిగిలిపోయారో ఒడ్డునున్న ఏ ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆ మర్నాడే మాస్టారు దీన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు పదకొండు రేవులు దాన్ని వాడుతున్నాయి. అది ఓపెన్ సోర్సు. అంటే దాని లోపలి రాత ఎవరైనా తెరిచి చూడొచ్చు, తప్పుంటే ఎవరైనా దిద్ది పంపొచ్చు. ఎవరికీ జీతం లేదు. జీతం లేని చోట అభిప్రాయాలకి కొరత ఉండదు. నా పేరు కామేశం, బీమా ఆఫీసు కంప్యూటర్ల గదిలో తల నెరిసినవాణ్ణి. అందరికంటే ఎక్కువ అభిప్రాయాలున్నవాణ్ణి నేనే.

వచ్చిన చిక్కు ఇది. వెబ్‌సైటు వెనకవైపు జరిగే పనంతా ఒక ఫ్రేమ్‌వర్కు మీద నిలబడి ఉంటుంది, ఇల్లు స్తంభాల మీద నిలబడ్డట్టు. మాది పాతబడిపోయింది. దాన్ని తయారుచేసినవాళ్లు ఇక మరమ్మతులు చెయ్యం అని చెప్పేశారు. సెప్టెంబరు ఆఖరు దాటితే పాతదాన్ని నడపనివ్వం అని మాకు సర్వరు అద్దెకిచ్చినవాళ్లూ చెప్పేశారు. ఆ తర్వాత వచ్చేవి తుపాన్ల నెలలు. ఈలోగా తీరాన్ని వేరే ఫ్రేమ్‌వర్కు మీదికి మార్చాలి. వడపోయగా రెండు మిగిలాయి. వాటి పేర్లు నేను చెప్పను. చెప్పానంటే ఇది చదివేవాళ్లలో సగంమంది కథ వదిలేసి నాతో తగాదాకి దిగుతారు. ఒకదాన్ని చురుకైనది అంటాను, రెండోదాన్ని నిదానమైనది అంటాను. అంతకంటే అవసరం లేదు.

పదిహేనుమందిమి మూడు నెలలు కొట్టుకున్నాం. మా చర్చల పేజీలో నాలుగు వందల పన్నెండు ఉత్తరాలు, అన్నీ ఇంగ్లీషులో. నేను చురుకైనదాని పక్షం. అది రెండోదానికంటే ఇరవై రెట్లు వేగమని ఎనిమిదిసార్లు రాశాను. ఒకాయన నిదానమైనదాన్ని ముసలి ఎద్దు అన్నాడు. ఇంకొకాయన అలిగి గుంపులోంచి వెళ్లిపోయాడు. కాలేజీనుంచి కలిసి తిరిగిన ఇద్దరు స్నేహితులు మాటలు మానేశారు. యామిని మాత్రం పాపం, నిద్ర మానుకుని రెండింటినీ పోలుస్తూ ఇరవైమూడు వరసల పట్టిక తయారుచేసింది. ఆ పట్టిక చూసి మేం మరో వారం కొట్టుకున్నాం. చివరికి, సోమవారంలోగా నువ్వే తేల్చు అని అందరం కలిసి బరువు ఆ పిల్ల నెత్తిన పెట్టాం. పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

శనివారం పొద్దున్నే ఆమె మాస్టారింటికి వచ్చింది. నేనప్పటికే అక్కడ కూర్చుని పేపరు చదువుతున్నాను. పట్టిక ఆయన ముందు పెట్టింది. "ఏది ఎంచుకున్నా సగంమంది పని మానేస్తామంటున్నారు మాస్టారూ. తుపాను వచ్చేసరికి తీరం పనిచెయ్యకపోతే అది నా చేతులారా చేసినట్టే. నాకు భయంగా ఉంది. ఏది ఎంచుకోమంటారు?" అంది.

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. గుమ్మం దాటబోతూ ఆగి, "ఈ రెండేళ్లలో తీరం పాడైనప్పుడల్లా బాగుచేసింది ఎవరమ్మా?" అని అడిగారు.

యామిని లాప్‌టాప్ తెరిచింది. ఎవరు ఏ దిద్దుబాటు పంపినా పేరూ తేదీతో సహా అందులో ఉండిపోతుంది. రెండేళ్లలో డెబ్బైనాలుగు దిద్దుబాట్లున్నాయి. మా పదిహేనుమందివీ కలిపి తొమ్మిది. మిగతా అరవై అయిదూ ఒక్కరివే. ఆ ఒక్కరూ 'రేవు రత్నం' అని పేరు పెట్టుకున్నారు. అది ఏ కాలేజీ విద్యార్థో సరదాకి పెట్టుకున్న పేరని మేం ఎప్పుడో అనుకున్నాం, అనుకుని ఊరుకున్నాం.

"ఎవరో మీకు తెలుసా మాస్టారూ?" అంది యామిని.

"తెలుసు."

"మాకు ఎప్పుడూ చెప్పలేదే?"

"ఎప్పుడూ ఎవరూ అడగలేదు," అని ఆయన నా కారు తాళాలు నా చేతిలో పెట్టారు.

ముప్పై కిలోమీటర్లు పోయాక గంగపేట రేవు వచ్చింది. అక్కడ ఐసు ఫ్యాక్టరీ ముందు ఆపమన్నారు. ఐసు ఎక్కించుకోకుండా ఏ బోటూ వేటకి కదలదు, ఐసు కావాలంటే కిటికీ దగ్గర టోకెను తీసుకోవాలి. అందుచేత ఏ బోటులో ఎవరు వెళుతున్నారో ఆ కిటికీలో కూర్చున్నవాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అక్కడ కూర్చున్నావిడ సూరాడ నూకరత్నం. నలభై అయిదేళ్లుంటాయి. పదో తరగతితో చదువు ఆగింది. ఎప్పుడో మాస్టారు వేసవి సెలవుల్లో నలభై రోజుల కంప్యూటరు తరగతి పెడితే, అది అయిపోయాక కూడా వదలకుండా ఏళ్ల తరబడి ఫోన్లో సందేహాలు అడిగిన మనిషి. ఆమె పక్కన ఫ్యాక్టరీవాళ్లు పక్కన పడేసిన పాత కంప్యూటరు ఒకటుంది. అరవై అయిదు దిద్దుబాట్లూ దాంట్లోంచే వచ్చాయి.

"కబురెట్టకుండా వచ్చేశారేటండి మాస్టారండి," అంటూ ఆమె లేచి మాకు కుర్చీలు వేసింది. మేం తీరం తాలూకు మనుషులమని మాస్టారు చెప్పగానే ఇక కూర్చోలేదు, కొంగు సర్దుకుని నిలబడే మాట్లాడింది. "మార్చేస్తున్నారంట కదండి. మీరు రాసుకున్నవన్నీ చదివేనండి, ఫోన్లో తెలుగు చేసుకుని. సగమే బోధపడిందండి. కొట్టుకుంటున్నారని మాత్రం తెలిసిందండి."

యామిని సిగ్గుపడిపోయింది. "మరి మీరూ ఒక మాట రాయాల్సింది కదండీ?"

"పదిహేనుమంది చదువుకున్నోళ్లు మాటాడుకుంటుంటే మధ్యలో నేనేం రాస్తానండి. మీరు ఏది పెడితే అదే నేర్చుకుందారి అనుకున్నానండి. చురుకైనదే వచ్చేలాగుందని దాన్ని ఈ కంప్యూటర్లో ఎక్కించబోయేనండి. మూడు రోజులు కూచున్నానండి. తెరుచుకోలేదు. నా బుర్రకి అంత లేదులెండి." ఆమె బల్ల సొరుగులోంచి ఒక పొడుగాటి నోటుబుక్కు తీసి చూపించింది. బోట్ల పేర్లూ మనుషుల పేర్లూ గుండ్రటి అక్షరాలతో పేజీల నిండా ఉన్నాయి. "కొత్తది వచ్చేక నేను దిద్దలేను కదండి. అందుకని ఆషాఢం నుంచీ చేత్తో కూడా రాసుకుంటున్నానండి. ఇంక ఆ దిద్దే పని మీరే ఎవరికైనా అప్పజెప్పండి మాస్టారండి."

ఫిర్యాదు లాగా అనలేదు ఆ మాట. అద్దెకున్న ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్లు తాళంచెవి ఇచ్చేసినట్టు అంది.

అంతలో టోకెను కోసం ఒక మనిషి కిటికీ దగ్గరికి వచ్చాడు. పేర్ల ఎల్లాజీ అని, ఒక బోటు మీద కళాసీ పని చేస్తాడట. మాస్టారు అతన్ని పలకరించి, "కిందటేడు నీకు జరిగింది ఈ అమ్మాయికి చెప్పు," అన్నారు. అతను ఇబ్బందిగా నవ్వి చెప్పాడు. ఏరు సముద్రంలో కలిసేచోటుని వాళ్లు మొగ అంటారు. రేవునుంచి బయల్దేరిన బోటు నీటి పోటు కోసం ఆ మొగ దగ్గర గంటో రెండు గంటలో ఆగుతుంది. రేవులో బోటు తప్పిపోయినవాడు తెప్ప వేసుకుని అక్కడికి వెళ్లి ఎక్కేస్తాడు. ఒంట్లో బాగోలేనివాడు అక్కడే దిగిపోతాడు. వాళ్ల తాతల నాటినుంచీ అంతే. ఆరోజు ఎల్లాజీ అలాగే మొగ దగ్గర ఎక్కాడు. మర్నాడు గాలివానలో బోటు తిరగబడింది. "వెతకడానికొచ్చినోళ్లు ఏడుగురిని నీళ్లలోంచి తీసేరండి. రేవులో రాయించింది ఏడుగురినే కదండి, ఇంక వెళ్లిపోదురండి. మొగ దగ్గర్నుంచి ఫోను చేస్తే ఈవిడ తీరంలో నా పేరు కూడా చేర్చిందండి, దాంట్లో ఎనిమిది అనుందంట. మళ్లీ వెనక్కొచ్చి వెతికేరండి. నేను ఐసుపెట్టి మూత పట్టుకుని ఉన్నానండి." అని, ఐసు కరిగిపోతుందన్నట్టు టోకెను తీసుకుని గబగబా వెళ్లిపోయాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, దాచుకుంటే ఈ కథ రాసి ప్రయోజనం లేదు. మొదట్లో తీరంలో ఒక కట్టుబాటు ఉండేది. బోటు బయల్దేరినట్టు నొక్కాక అందులో పేర్లు చేర్చడానికి వీల్లేదు. కదిలిపోయిన బోటులోకి మనిషి ఎలా వస్తాడని మా తెలివి. రైలు కదిలాక టిక్కెట్టు ఇవ్వరు కదా, అదీ మా లెక్క. రెండేళ్ల కిందట రేవు రత్నం ఆ కట్టుబాటు తీసేస్తూ ఒక దిద్దుబాటు పంపితే, దాన్ని తిప్పికొట్టింది నేను. బయల్దేరిన బోటులో ఎవడెక్కుతాడు, పంపేముందు కాస్త ఆలోచించండి అని ఇంగ్లీషులో రాశాను. ఆ ఇంగ్లీషులో వెటకారం కూడా ఉంది, నాకు గుర్తుంది. వారం తర్వాత అదే దిద్దుబాటు మళ్లీ వచ్చింది. ఈసారి మాస్టారు నాతో చెప్పకుండానే దాన్ని చేర్చేశారు. అప్పట్లో నేను అలిగాను కూడా.

లేచి నిలబడ్డాను. "నూకరత్నం గారూ, ఆలోచించి పంపమని రాసింది నేనే. నన్ను క్షమించాలి," అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "మీరేనండీ అది? చదివేనండి. ఆలోచించమన్నారు కదాని ఆలోచించేనండి. నేనేవన్నా తప్పు చూశానేమో అని నాలుగు రోజులు వరసగా మొగ దగ్గరికెళ్లి కూచున్నానండి. ఎక్కుతున్నారండి. అందుకని మళ్లీ పంపేనండి," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు అన్నది వీసమెత్తు లేదు. ఉంటే బాగుండేది, నేను కొంచెం తేలికపడేవాణ్ణి.

యామిని తన పట్టికని మడిచి సంచిలో పెట్టేసింది. కుర్చీ జరుపుకుని నూకరత్నం పక్కన కూర్చుంది. "రత్నం గారూ, నిదానమైనదాన్ని ఈ కంప్యూటర్లో మీరే ఎక్కించండి. నేను ముట్టుకోను. ఎక్కడ ఆగిపోతారో అది మాత్రం రాసుకుంటాను. ఆగిపోతే అది మీ తప్పు కాదు, మా తప్పు," అంది. ఆమె మొహమాటపడింది. మాస్టారు "కానీ అమ్మా" అన్నాక మొదలుపెట్టింది.

మధ్య మధ్య టోకెన్లిస్తూ చేసింది కాబట్టి గంటా పది నిమిషాలు పట్టింది. ఎలా ఎక్కించాలో చెప్పే సూచనలు ఇంగ్లీషులో ఉన్నాయి. రెండుచోట్ల ఆమె చిక్కుపడింది. యామిని ఆ రెండు పేరాలనీ అక్కడికక్కడే తెలుగులో తిరగరాసి, చదివి చూడమంది. ఆమె చదివి, "ఇలాగ రాస్తే ఎవరికైనా వచ్చేస్తుంది కదండి," అంది. అది తెరుచుకున్నాక, మొగ దగ్గర ఎక్కినవాళ్లని చేర్చే ముక్క ఇందులో ఎక్కడ పెట్టాలో ఆమే వెతుక్కుంది. రాసింది, తప్పొచ్చింది. తప్పు ఏమిటని కంప్యూటరు చెబుతోందో పెదవులు కదుపుకుంటూ చదువుకుంది, దిద్దింది. రెండోసారి కూడా తప్పొచ్చింది. మూడోసారి తెర మీద ఎల్లాజీ పేరు, కదిలిన బోటులో ఎనిమిదో వరసలో, వచ్చి కూర్చుంది. ఆమె కళ్లు తుడుచుకుని, ఐసు చలికి కళ్లమ్మట నీళ్లొస్తాయండి అంది. మేమున్నది టోకెన్లిచ్చే గదిలో, అక్కడ చలేమీ లేదు.

న్యాయం న్యాయమే కదాని తర్వాత చురుకైనదాన్ని కూడా ప్రయత్నించమంది యామిని. నూకరత్నం ఇంతకుముందు మూడు రోజులు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే ఆగింది. అప్పుడు నేను, ఉండబట్టలేక, నేను చూస్తానని ముందుకు వచ్చాను. దాని తరఫున మూడు నెలలు వాదించినవాణ్ణి. నలభై నిమిషాలు తంటాలు పడ్డాను. నాకూ తెరుచుకోలేదు. ఆ పాత కంప్యూటరు దాని బరువు మొయ్యలేకపోయింది. నా దగ్గరున్నది కొత్త కంప్యూటరు కాబట్టి ఈ సంగతి నాకెప్పుడూ తెలియలేదు. పదకొండు రేవుల్లోనూ ఉన్నవి ఇలాంటి పాతవే. వేగం మాట ఎనిమిదిసార్లు రాశాను గాని ఈ ముక్క ఒక్కసారీ రాయలేదు. నూకరత్నం నా వంక జాలిగా చూసి, "మీరు ఇంకో రెండు రోజులు కూచుంటే ఏవన్నా వచ్చుద్దేమోనండి," అంది. మాస్టారు మొహం పక్కకి తిప్పుకున్నారు, నవ్వు దాచుకోవడానికే.

బయల్దేరేముందు యామిని ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "సోమవారం మేమందరం మాట్లాడుకుంటాం. మీరు రావాలి. ఫోన్లోంచే రావచ్చు. మాట్లాడేది తెలుగులోనే. దిద్దే పని మాత్రం ఎవరికీ అప్పజెప్పకండి, మీరు మానేస్తే మాకు ఎవరూ లేరు." నూకరత్నం నోటుబుక్కు తీసి సొరుగులో పెట్టి, సొరుగు మూసి, దాని మీద చెయ్యి ఆనించింది. "రెండింటికి ఈ కిటికీ మూసేస్తామండి. ఆ తరవాతైతే వస్తానండి," అంది చివరికి. సోమవారం మాటల వేళ ఆవిధంగా మధ్యాహ్నం రెండు దాటాక అని ఖాయమైంది. పదిహేనుమందికీ ఆఫీసులున్నాయి, అయినా సెలవులు పెట్టుకుంటారులే అని యామిని అక్కడే తేల్చేసింది. నాకు కూడా పెట్టించింది.

కారు దగ్గరికి నడిచేటప్పుడు యామిని మొహం తేటపడింది. కాని ఆ పిల్ల బుర్ర ఊరుకునేది కాదు. కొంచెందూరం వెళ్లాక మళ్లీ నిలబడిపోయింది.

"మాస్టారూ, నిదానమైనదే తీసుకుందాం. కాని దాన్ని చేసినవాళ్లు కూడా ఎప్పుడో ఒకప్పుడు వదిలేస్తారు కదా. ఆరేళ్లకో ఏడేళ్లకో."

"వదిలేస్తారమ్మా," అన్నారు మాస్టారు.

"మళ్లీ ఇదే గొడవ వస్తుంది కదా. అప్పుడు ఏది ఎంచుకోవాలో ఎలా తెలుస్తుంది?"

మాస్టారు వెనక్కి తిరిగి ఐసు ఫ్యాక్టరీ కిటికీ వైపు చూశారు. అక్కడ నూకరత్నం టోకెన్ల కట్ట పక్కన పెట్టి, కంప్యూటరు మీదికి వంగి, పెదవులు కదుపుతూ ఏదో చదువుకుంటోంది.

"అప్పుడు ఆవిణ్ణి ముందే అడుగుదువుగాని," అన్నారు.